భాష మార్చని మనిషి

స్పెయిన్‌లోని రియుసెక్ ఊళ్ళో బల్దిరి కుమెర్మా ఎలాంటివాడని ఎవర్ని అడిగినా ముందు ఒకటే చెప్తారు: భాష మార్చడు. మంచివాడా, మొండివాడా, పెళ్ళాం మాట వింటాడా, అవన్నీ తర్వాత.

మిగతా ఊరంతా మారుస్తుంది. ఇద్దరు తమ సొంత భాష కతలాన్‌లో కబుర్లాడుకుంటూ ఉంటారు. మూడో మనిషి దేశమంతటా నడిచే స్పానిష్‌లో పలకరిస్తూ వస్తాడు. అంతే, ఇద్దరూ తమకే తెలియకుండా స్పానిష్‌లోకి దూకేస్తారు. ఒక్కోసారి వచ్చినవాడు నోరు తెరవక్కర్లేదు, మొహం కొత్తగా ఉంటే చాలు. వాడికి కతలాన్ వచ్చో రాదో కూడా ఎవరూ అడగరు. దాన్ని మర్యాద అనుకుంటారు. బల్దిరి దాన్ని బానిస బుద్ధి అంటాడు. మున్సిపల్ సభలో అన్నాడు, పండగ వేదిక మీద అన్నాడు, మంగలి కుర్చీలో గడ్డం కింద కత్తి ఉండగా అన్నాడు. "వాళ్ళు మనల్ని అడగట్లేదురా, మనమే తీసుకెళ్ళి ఇచ్చేస్తున్నాం" అనేవాడు. మంగలి అవునవునంటూనే, పక్క కుర్చీలోకి ఎవరో నల్లగా ఉన్నవాడు వచ్చి కూర్చోగానే స్పానిష్‌లో "ఎలా కత్తిరించమంటారు సార్?" అని అడిగేవాడు.

బల్దిరి పుట్టినప్పుడు అతని పేరు బల్దిరి కాదు. ఇంట్లో బల్దిరే. కాగితం మీద స్పానిష్ పద్ధతిలో బౌదిలియో. నియంత ఉన్న రోజులు, పిల్లలకి కతలాన్ పేరు రాయడానికి గుమాస్తా ఒప్పుకునేవాడు కాదు. బడిలో పంతులు "బౌదిలియో" అని పిలిస్తే ఇంకెవర్నో అనుకుని కదలకుండా కూర్చునేవాడు. అలా కూర్చున్నందుకు చేతి మీద కర్ర పడేది. ఇది పెద్ద విషాదమేమీ కాదు, ఆ తరగతిలో అందరికీ పడేది. మిగతావాళ్ళు మర్చిపోయారు. ఇతను మర్చిపోలేదు, అంతే తేడా.

నియంత చచ్చాక పేరు మార్పించుకోవచ్చన్నారు. ఊళ్ళో మొదట వెళ్ళి మార్పించుకున్నది ఇతనే. అప్పటికే తండ్రి చనిపోయి ఇనుప సామాన్ల కొట్టు చేతికొచ్చింది. మేకులు, గొళ్ళేలు, తాళాలు, పందుల పాకలకి వేసే తీగ. కొట్లో ఒకటే నియమం: ఎవడు ఏ భాషలో అడిగినా జవాబు కతలాన్‌లోనే.

కతలాన్‌లో మరమేకునీ, నత్తనీ ఒకే మాటతో పిలుస్తారు. కర్గోల్. స్పెయిన్ దక్షిణాది నుంచి కూలికొచ్చిన సెబాస్తియాన్ అనే తాపీమేస్త్రీ ఒకరోజు కొట్టుకొచ్చి స్పానిష్‌లో మరమేకులు కావాలన్నాడు.

"కర్గోల్స్ ఎంత పొడుగువి కావాలి?" అన్నాడు బల్దిరి.

మేస్త్రీకి ఆ మాట వండుకుతినే నత్తలుగానే తెలుసు. "నేను తినే వచ్చాను బాబూ. నాకు మేకులు ఇవ్వు" అన్నాడు.

కొట్లో ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. మర్నాడు మేస్త్రీ తను రాలేదు, కూతుర్ని పంపాడు. రెమెదియోస్ కౌంటరు మీద మోచేతులు ఆనించి, వంకర యాసలో అయినా కతలాన్‌లోనే, "నిన్న మా నాన్నకి ఇవ్వని నత్తలు నాకివ్వండి. తల గుండ్రంగా ఉన్నవి" అంది. ఆ ఏడాది చివర్లో పెళ్ళయింది. పెళ్ళయ్యాక ఆమెని అతను కతలాన్ పద్ధతిలో రెమెయ్ అని పిలిచాడు. ఆమె సర్లే అనుకుంది. ఆ రోజుల్లో ఆమెకి అది ముద్దుగానే ఉండేది.

కొత్తగా మున్సిపల్ ఎన్నికలు పెట్టిన మొదటి సారే బల్దిరి కౌన్సిలరయ్యాడు. వీధులకున్న సైన్యాధికారుల పేర్లు పీకించి పాత పేర్లు పెట్టించాడు. స్మశానం చూసుకున్నాడు, పండగల్లో ఊరేగే పెద్ద బొమ్మలకి రంగులేయించాడు, జెండా కర్రలకి గొట్టాలు తన కొట్లోవే బిగించాడు. ఎన్నిసార్లు నిలబడ్డా పార్టీ జాబితాలో రెండో పేరో మూడో పేరో. మేయరు పదవికి నిలబెట్టే మొదటి పేరు ఎప్పుడూ డాక్టరుదో లాయరుదో. గెలిచినప్పుడు వాళ్ళు మేయరు కర్ర పట్టుకుని ఫొటో దిగేవాళ్ళు, బల్దిరి ఫొటో తర్వాత కుర్చీలు మడిచేవాడు. కర్ర అంటే మేయరు చేతికిచ్చే అధికార దండం, వెండి పిడి, కింద రెండు కుచ్చులు. దాన్ని అతను చాలాసార్లు గుడ్డ పెట్టి తుడిచాడు. మేయరుగా మాత్రం ఒక్కసారీ పట్టుకోలేదు.

మామ పోయాక అత్తగారు ఎంకర్నసియోన్ వీళ్ళింట్లోనే ఉంది. రోజూ ఒకే బల్ల దగ్గర భోజనం. ఆమె స్పానిష్‌లో అడుగుతుంది, ఇతను కతలాన్‌లో చెప్తాడు. ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి. "ఉప్పు ఇలా అందుకోరా మొండి గాడిదా" అనేది ఆమె. ఉప్పు అందించి, "ఇదిగో అత్తయ్యా" అని కతలాన్‌లో అనేవాడు. ఆఖరికి ఆసుపత్రిలో పడ్డప్పుడు ఒక మధ్యాహ్నం ఆమె కిటికీ వైపు చూసి, "రేపు వాన పడుతుందంటావా అల్లుడూ? నా మాటలో చెప్పు, ఒక్కసారి వింటాను" అంది.

"పడుతుంది" అన్నాడు. కతలాన్‌లో.

ఆమె గోడ వైపు తిరిగి నవ్వింది. "గాడిద" అంది. ఆ వారమే పోయింది.

ఈ సంగతి అతను పార్టీ సభల్లో చెప్పేవాడు. చావు మంచం దగ్గర కూడా మార్చలేదు అని. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. మొదటిసారి ఆ చప్పట్లు విన్న రోజు నుంచి రెమెయ్ సభలకి రావడం మానేసింది. ఎందుకు రావట్లేదని అతను అడగలేదు, మోకాళ్ళ నొప్పులనుకున్నాడు.

తర్వాత ఓట్ల పెట్టెల అక్టోబరు వచ్చింది. స్పెయిన్ నుంచి స్వతంత్రం కావాలా వద్దా అని ఓటేయడానికి పెట్టెలు దాచి తెచ్చారు, ప్రభుత్వం కూడదంది. వేరే ఊళ్ళలో లాఠీలు లేచాయని ఫోన్లలో చూస్తున్నారు. రియుసెక్‌లో బల్దిరి తెల్లారకముందే బడి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కళ్ళద్దాలు తీసి భార్య చేతికిచ్చాడు, దెబ్బలు పడితే పగలకూడదని. పొద్దున్నంతా కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎవరో పెద్ద బాణలిలో అన్నం, మాంసం వండారు. తిన్నాడు. సాయంత్రమూ కూర్చున్నాడు. పోలీసులెవరూ రాలేదు. ఓట్లు లెక్కపెట్టి ఇంటికెళ్ళారు. ఆ తర్వాత సొంత దేశమూ రాలేదు. పై నాయకులు కొందరు సరిహద్దు దాటారు, కొందరు జైలుకెళ్ళారు, ఊళ్ళో డాక్టరు రాజకీయాలు చాలన్నాడు. జైల్లో ఉన్న నాయకుల కోసం బల్దిరి బాల్కనీకి కట్టిన పసుపు రిబ్బను ఎండకి తెల్లబడిపోయింది. కొత్తది కట్టమని పార్టీవాళ్ళు తెచ్చిస్తే సొరుగులో పెట్టాడు. కొట్టు మూసేశాడు. ఏటా సెప్టెంబరులో స్వతంత్రం కోరే ఊరేగింపుకెళ్ళేవాడు, అందరితో పాటు అరిచేవాడు, బస్సులో పడుకుని వచ్చేవాడు. అడిగితే "బాగానే ఉంది" అనేవాడు. ఏమీ అనిపించేది కాదు.

అలాంటి పరిస్థితిలో జాబితాలో మొదటి పేరు అతనిదైంది. వేరే ఎవరూ మిగల్లేదు గనక.

ఎన్నికయింది. బల్దిరి జాబితాకి ఆరు సీట్లు. సాసేజి ఫ్యాక్టరీ యజమాని ఫ్లురెన్సి జాబితాకీ ఆరే, ఓట్లు మాత్రం కొద్దిగా ఎక్కువ. మిగిలిన ఒక్క సీటు కింది పేటది. అక్కడ కబేళాలో, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళుంటారు, సగం మంది మొరాకో వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. వాళ్ళ తరఫున గెలిచిన పిల్ల లుబ్నా అమ్జియాన్. ఆమె ఏడో చెయ్యి ఎత్తితే బల్దిరి మేయరు. ఎత్తకపోతే ఓట్లు ఎక్కువొచ్చినవాడిదే పదవి, అంటే ఫ్లురెన్సిది. బల్దిరి వయసుకి ఇంకో ఎన్నిక లేదు.

"కావాలా నీకు?" అంది రెమెయ్, ఫలితాలొచ్చిన మర్నాడు, రొట్టె మీద టమాటా రుద్దుతూ.

"కావాలి."

"అలా చెప్తే ఎలా? కాఫీ కావాలన్నట్టు."

"మరెలా చెప్పాలి?"

ఆమె రొట్టె ముక్క అతని ముందుకి తోసింది.

బల్దిరి జాబితాలో రెండో పేరు క్వెరాల్, మందుల కొట్టు నడుపుతుంది, నలభై లోపు మనిషి. ఆమే ఫోన్ చేసి లుబ్నాని చౌక్‌లో ఉన్న కాఫీ హోటలుకి రమ్మంది. ముగ్గురూ కూర్చున్నారు. లుబ్నా గురించి బల్దిరికి అన్నీ తెలుసు. ఇక్కడి ఆసుపత్రిలోనే పుట్టింది, ఇక్కడి బళ్ళోనే చదివింది, పెద్దవాళ్ళకి కతలాన్ నేర్పే టీచరు. తెలిసే కూర్చున్నాడు.

మొదలుపెట్టాడు. కింది పేటకి బస్సు, వానాకాలం మురుగు, ఆడవాళ్ళకి సాయంకాలం తరగతులు. మాట బాగానే సాగుతోంది. ఆ పిల్ల సూటిగా అడుగుతోంది, ఇతను సూటిగా చెప్తున్నాడు. మధ్యలో బల్ల కింద క్వెరాల్ కాలితో తన్నింది. బస్సు సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పమంటోంది కాబోలనుకుని, "బస్సు రోజంతా తిరుగుతుంది, నాదీ హామీ" అన్నాడు. మళ్ళీ తన్నింది. ఆదివారాలు కూడా అన్నాడు. మూడోసారి గట్టిగా తన్నింది. అతను బల్ల మీదకి వంగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "చూడమ్మా, నువ్వు మాలో మనిషివి. ఈ భాష ఇక్కడ పుట్టినవాళ్ళందరిదీ. దీన్ని మనం ఎక్కడా వదలకూడదు" అన్నాడు.

లుబ్నా కాఫీ తాగడం పూర్తి చేసింది. "మా పేటవాళ్ళతో మాట్లాడి చెప్తానండీ" అని లేచి వెళ్ళిపోయింది.

"బాగా జరిగింది కదూ?" అన్నాడు బల్దిరి.

క్వెరాల్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. "బల్దిరి గారూ, మీరు మొదటి నుంచి చివరి దాకా స్పానిష్‌లో మాట్లాడారు."

"ఎవరు?"

"మీరే."

"నేనా?"

"ఆ అమ్మాయి ప్రతి మాటా కతలాన్‌లో అంటోంది. మీరు ప్రతి మాటా స్పానిష్‌లో. 'ఈ భాషని వదలకూడదు' అన్నది కూడా స్పానిష్‌లోనే. నా కాలు నొప్పెట్టింది తన్ని తన్ని."

బల్దిరి వెనక్కి తిరిగి గ్లాసులు తుడుస్తున్న హోటలు యజమాని ఎలోయ్‌ని చూశాడు. "ఏరా, నేను స్పానిష్ మాట్లాడానా?"

ఎలోయ్ చూపు గ్లాసు మీదే ఉంచాడు. "నేను టీవీ అనుకున్నాను బల్దిరీ."

మధ్యాహ్నం భోజనాల వేళకి ఊరంతా గుప్పుమంది. మాంసం కొట్టు దగ్గర ఒకడు అతన్ని చూసి "నమస్కారం బౌదిలియో గారూ" అన్నాడు. బల్దిరికి కోపం రావాల్సింది. రాలేదు. అరకిలో ఎండు సాసేజి కోయించుకుని, సంచి అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చాడు.

రెమెయ్‌కి అప్పటికే ఎవరో ఫోన్ చేసి చెప్పారు. చారు వడ్డించింది. తనూ కూర్చుంది.

"మా అమ్మ ఇదే బల్ల దగ్గర ముప్ఫై ఏళ్ళు కూర్చుంది" అంది. స్పానిష్‌లో అంది. పెళ్ళయ్యాక అతనితో ఆమె ఆ భాషలో మాట్లాడటం అదే మొదలు. "ఒక్క మాట. వాన పడుతుందా లేదా. అదొక్కటే అడిగింది నిన్ను. ఆ పిల్లతో కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడావంట. నోట్లో అంత దాచుకుని ఎలా తిన్నావయ్యా ఇన్నాళ్ళూ?"

"నాకు తెలీకుండా జరిగింది."

"అదే నేననేది. ఆ పిల్లతో తెలీకుండా వచ్చింది. మా అమ్మ దగ్గర తెలిసే ఆపావు."

జవాబు చెప్పాలని చూశాడు. ఏ భాషలో చెప్పాలో తేల్చుకోలేకపోయాడు. కాసేపటికి చారు చాలా వేడిగా ఉందని, నాలుక కాలిందని తెలిసింది. ఇంకో చెంచా తాగాడు.

రెండు రోజులు పార్టీవాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. క్షమాపణ చెప్పెయ్యండి, పోయేదేముంది అని ఒకరు. ఒక పిల్లకి తల వంచుతామా, ఫ్లురెన్సికే పోనీ అని ఇంకొకరు. బల్దిరి చొక్కా మార్చుకుని కింది పేటకి బయల్దేరాడు. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు, కతలాన్‌లో, పెదవులు కదుపుతూ. పొలాలకి పందుల ఎరువు తోలే రోజులు, ఆ వాసన ఊళ్ళోకి కమ్ముకొచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. కబేళా గోడ పక్కగా నడిచి, నీలం తలుపు ముందు ఆగి, ఇంకోసారి మొత్తం వల్లెవేసుకుని గంట నొక్కాడు.

తలుపు తీసింది లుబ్నా కాదు, తల్లి. తలకి గుడ్డ కట్టుకుని, చేతులకి పిండి అంటుకుని ఉంది.

"నమస్కారమమ్మా, మీ అమ్మాయి ఇంట్లో ఉందా?" అన్నాడు బల్దిరి. స్పానిష్‌లో.

తనకే వినపడింది. ఈసారి స్పష్టంగా వినపడింది.

ఆవిడ అచ్చం అతని తల్లి మాట్లాడే యాసలో, ఈ చుట్టుపక్కల పందుల పెంపకం ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా వినపడని కతలాన్‌లో, "ఉంది, లోపలికి రండయ్యా, గుమ్మంలో నిలబడితే ఈగలన్నీ ఇంట్లోకొస్తున్నాయి" అంది. ఇరవై ఏళ్ళు ఒక పందుల దొడ్డిలో ముసలామెకి సాయంగా పనిచేసి, ఆ ముసలామె దగ్గరే భాష పట్టుకుందావిడ. లోపల్నుంచి లుబ్నా నవ్వు వినిపించింది. వెక్కిరింపు నవ్వు కాదు. ఇక చేసేదేమీ లేదనుకున్నప్పుడు వచ్చే నవ్వు.

పుదీనా టీ ఇచ్చారు. బల్దిరి గ్లాసు పట్టుకుని, కూడబలుక్కున్నదంతా కతలాన్‌లో అప్పజెప్పాడు. పొరపాటైంది, నా జన్మలో ఎప్పుడూ ఇలా జరగలేదు, మన్నించు.

"జన్మలో ఎప్పుడూనా?" అంది లుబ్నా.

"ఎప్పుడూ."

"నన్ను చూసి రోజుకి పదిమంది మారుస్తారు బల్దిరి గారూ. రొట్టెల కొట్లో, బ్యాంకులో, డాక్టరు దగ్గర. అలవాటైపోయింది. నా తరగతిలోవాళ్ళకి ఇంకా అలవాటు కాలేదు. టీచర్, కష్టపడి నేర్చుకున్నాం, ఎక్కడ మాట్లాడినా జవాబు స్పానిష్‌లోనే వస్తోంది, ఇక ఎవరితో మాట్లాడాలి అని ఏడుస్తారు. నేను వాళ్ళకి చెప్పేదాన్ని, ఊళ్ళో ఒక్క మనిషున్నాడు, ఇనుప కొట్టు బల్దిరి, ఆయన చచ్చినా మార్చడు, వెళ్ళి ఏదో ఒక తాళం కొనుక్కోండి, మాట్లాడి రండి అని. ప్రతి ఏడూ పంపేదాన్ని."

బల్దిరికి ఆ మొహాలు గుర్తొచ్చాయి. తాళాలు చాలానే అమ్మాడు.

"వెళ్ళొచ్చి చెప్పేవాళ్ళు, టీచర్, ఆయన కూడా మార్చాడని. నేను నమ్మలేదు. మీరు సరిగ్గా పలికుండరు అని వాళ్ళనే తిట్టాను."

"అందరితోనా?"

"గాబన్ నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు, గడ్డం మనిషి. మూడుసార్లు వచ్చాడు మీ దగ్గరికి. మూడు తాళాలున్నాయి అతని దగ్గర. ఇల్లు లేదు."

తల్లి లోపల్నుంచి "అలా అనకే, పెద్దాయన" అంది.

"నేనేం అనట్లేదమ్మా." లుబ్నా అతని గ్లాసులో మళ్ళీ టీ పోసింది. "మీ నోరు మీ మాట వినట్లేదు. మొహం చూసి మాట్లాడుతోంది. దాన్ని నేను మన్నించి ఏం చెయ్యను? మా వాళ్ళు కింద నుంచి మెట్లెక్కి మేయరు గదిలోకొస్తారు. మీరు తలెత్తి చూస్తారు. ఆ మొదటి మాట ఏ భాషలో వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫ్లురెన్సి మారిస్తే ఎవరికీ బాధ లేదు, ఆయన ఎప్పుడూ వేరేలా చెప్పలేదు. అయినా ఫ్లురెన్సి వద్దు మాకు, ఆయన ఫ్యాక్టరీ షిఫ్టుల సంగతి మాకు తెలుసు. మీ జాబితాకి చెయ్యెత్తుతాను. మీకు కాదు. క్వెరాల్‌కి. మీరు తప్పుకుంటే."

"తప్పుకోకపోతే?"

"ఎత్తను."

గ్లాసు ఖాళీ చేశాడు. బావుందన్నాడు. రుచి తెలియలేదు. గుమ్మం దగ్గర లుబ్నా తల్లి అతని చేతికి ఒక రొట్టె చుట్టి ఇచ్చింది. వద్దనడం మర్యాద కాదని తీసుకున్నాడు.

క్వెరాల్‌కి చెప్తే ఆమె మందుల కొట్టు బయటికి వచ్చి నిలబడింది. "నేను అడగను బల్దిరి గారూ. నిన్న కాక మొన్న వచ్చినదాన్ని. మీ ఇష్టం. మీరుంటానంటే నేను మీకే ఎత్తుతాను, ఓడిపోతాం, అంతే."

"నీకు కావాలా?"

"కావాలి" అంది. ఆ మాట అనేటప్పుడు మెడ ఎర్రబడింది. బల్దిరి ఆ మెడ వంకే చూశాడు. నాలుగు రోజుల క్రితం తను ఇదే మాట రొట్టె తింటూ చెప్పాడు.

ప్రమాణస్వీకారం శనివారం మధ్యాహ్నం. పెద్ద హాలు కిక్కిరిసింది. కొత్త సభ మేయరుని ఎన్నుకునేదాకా సభని నడిపేది వయసులో అందరికంటే పెద్దవారూ, అందరికంటే చిన్నవారూ; అది పద్ధతి. పెద్దవాడు బల్దిరి. చిన్నది లుబ్నా. ఇద్దరికీ వేదిక మీద పక్కపక్కనే కుర్చీలు వేశారు. మేయరు కర్ర వాళ్ళ ముందు బల్ల మీద అడ్డంగా పెట్టారు. ఒక ఫ్యాను తిరుగుతోంది, గాలి ఫ్లురెన్సి వైపే వెళ్తోంది.

ముందు ప్రమాణాలు. స్పెయిన్ రాజ్యాంగానికి కట్టుబడి ఉంటామని ప్రతి కౌన్సిలరూ చెప్పాలి. స్వాతంత్ర్యం కోరేవాళ్ళు దానికి ముందు ఒక ముక్క తగిలిస్తారు: "చట్టం బలవంతం మీద." బల్దిరి ప్రతిసారీ ఆ ముక్క గోడలు అదిరేలా అనేవాడు, జనం దాని కోసమే ఎదురుచూసేవాళ్ళు. ఈసారి పేరు అడిగితే చెప్పినట్టు చెప్పాడు. వెనక వరసలో ఎవరో ఒక్కరు చప్పట్లు మొదలెట్టి, తోడు రాక ఆపేశారు. లుబ్నా కూడా అదే ముక్క అంది. ఫ్లురెన్సి దగ్గాడు.

ఆ తర్వాత అభ్యర్థుల పేర్లు పిలవాలి. పిలవాల్సింది పెద్దవాడే. "ఫ్లురెన్సి బుయాదా, నిలబడుతున్నారా?" అన్నాడు బల్దిరి.

"నిలబడుతున్నాను."

తర్వాతి పేరు తనది. కార్యదర్శి అతని వంక చూసింది. అతను బల్ల మీద కర్ర వంక చూశాడు. పిడి మీద వేలిముద్రలున్నాయి, ఎవరూ తుడవలేదు. హాల్లో కుర్చీల చప్పుడు ఆగిపోయింది. రెమెయ్ వచ్చింది, తలుపు దగ్గర నిలబడి ఉంది, కూర్చోమని ఎవరో కుర్చీ చూపిస్తే వద్దంటోంది. ఇప్పుడు తన లోపల ఏదో ఒకటి అవుతుందనుకుని కొంచెంసేపు ఆగాడు. ఉంటానంటే ఓడిపోతాడు, కానీ అభ్యర్థిగా ఓడిపోతాడు. తన పేరు ఒక్కసారైనా మేయరు అభ్యర్థి అన్న మాటతో కలిపి చదువుతారు. అది కావాలా అని తనని తాను అడిగి చూసుకున్నాడు.

పక్కనుంచి లుబ్నా మెల్లగా, "బల్దిరి గారూ, పేరు పిలవాలి" అంది.

"బల్దిరి కుమెర్మా" అని మైకులో తనే పిలిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు. "నిలబడటం లేదు" అని తనే జవాబు చెప్పాడు. "మా వైపు నుంచి క్వెరాల్ వివెర్."

గుసగుసలు లేచాయి, పడిపోయాయి. చేతులెత్తమన్నాడు. ఫ్లురెన్సికి ఆరు. క్వెరాల్‌కి తన పార్టీవాళ్ళు ఎత్తారు, తనూ ఎత్తాడు, ఆ ఎత్తిన చేతి పక్కనే వెండి ఉంగరం ఉన్న ఇంకో చెయ్యి లేచింది. లెక్కపెట్టి, ఏడు అన్నాడు.

కొత్త మేయరుకి కర్ర అందించేదీ పెద్దవాడే. బల్దిరి లేచి కర్ర తీసుకున్నాడు. క్వెరాల్ కింది నుంచి వేదిక ఎక్కుతోంది, కొత్త చెప్పులు, మెట్టు మీద జారి నిలదొక్కుకుంది. అతను కర్ర పట్టుకుని ఆమె వైపు నడిచాడు. వేదిక అంత వెడల్పేమీ కాదు. ఫొటోలవాడు కిందికి వంగాడు. క్వెరాల్ రెండు చేతులూ చాచి కర్ర పట్టుకుంది. "థాంక్స్ బల్దిరి గారూ" అంది. లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది.

అతను వదలకూడదని అనుకోలేదు. వదలాలని చేతికి చెప్పాడు కూడా.

"బల్దిరి గారూ" అంది క్వెరాల్, నవ్వు మొహం మీదే ఉంచి, పళ్ళ సందులోంచి. "వదలండి."

జనం నవ్వారు. సరదాగా చేస్తున్నాడనుకున్నారు. ఎవరో "ఇచ్చెయ్యి మామా, అది నత్త కాదు" అని అరిచారు, ఇంకా నవ్వారు. తలుపు దగ్గర రెమెయ్ నవ్వలేదు. అతని చేతుల వంక చూస్తోంది.

క్వెరాల్ తన చిటికెన వేలితో అతని వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది. ఫొటోలో అది కరచాలనంలా పడింది. బల్దిరి మెట్లు దిగాడు. మేయరు వేదిక మీద ఉంది గనక అతని కుర్చీ ఇక కిందే, మొదటి వరసలో, పాత కుర్చీ. కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల మీద పెట్టుకున్నాడు. క్వెరాల్ మైకు సర్దుకుని, తర్వాతి అంశం చదవమని కార్యదర్శికి చెప్పింది.